చేర్చుకోవడం, నిలుపుకోవడం: ఉద్యోగ నియామకాలపై పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఈ నెల మాకు చేరిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. మనుషులు దొరకడం లేదని, దొరికినా నిలవడం లేదని యజమానులు రాశారు. చేరేటప్పుడు చెప్పింది ఒకటి, చేరాక చూసింది మరొకటి అని ఉద్యోగులు రాశారు. రెండు రకాల ఉత్తరాలనూ పక్కపక్కన పెట్టుకొని చదివితే, ఒకరి ఫిర్యాదుకు కారణం చాలాసార్లు రెండోవారి ఉత్తరంలో దొరుకుతుంది. అందుకే ఈసారి వాటిని కలిపే ఇస్తున్నాం. రాసినవారి ఊరు, వృత్తి తప్ప ఇతర వివరాలు ప్రచురించడం లేదు.

ప్రశ్న: జీడిమెట్లలో ప్యాకింగ్ అట్టపెట్టెలు తయారుచేసే యూనిట్ నడుపుతున్నాను. సగటున 46 మంది పనిచేస్తారు. నిరుడు 31 మంది మానేశారు. చుట్టుపక్కల యూనిట్ల కంటే నెలకు వెయ్యి రూపాయలు ఎక్కువే ఇస్తున్నాను, దసరాకు బోనస్ కూడా ఉంది. అయినా ఎవరూ ఆగడం లేదు. జీతం ఇంకా పెంచడం తప్ప వేరే మార్గం లేదా?
– చిన్న పరిశ్రమ యజమాని, హైదరాబాద్

సమాధానం: పెంచవలసి రావచ్చు. కానీ పెంచే ముందు ఆ 31 మంది ఎప్పుడు మానేశారో చూడండి. మానేసినవారి సంఖ్యను సగటు సిబ్బంది సంఖ్యతో భాగించి వందతో హెచ్చిస్తే మీ యూనిట్‌లో ఏడాదికి 67 శాతం మంది మారుతున్నట్టు తేలుతుంది. ఆ అంకె భయపెడుతుందే తప్ప, ఏం చేయాలో చెప్పదు. అటెండెన్స్ రిజిస్టరు తీయించి ప్రతి పేరు ఎదుటా చేరిన తేదీ, మానేసిన తేదీ, పనిచేసిన షిఫ్టు, పై సూపర్‌వైజర్ ఎవరు అనే నాలుగు వివరాలు రాయించండి. ఒక మధ్యాహ్నం పని అది, అంతకంటే ఎక్కువ పట్టదు.

మానేసినవారిలో ఎక్కువమంది మొదటి మూడు నెలల్లోనే వెళ్లిపోయి ఉంటే, లోపం జీతంలో కంటే మీరు మనుషులను తీసుకునే తీరులోనూ, మొదటి వారాలు గడిచే తీరులోనూ ఉండే అవకాశం ఎక్కువ. ఏడాదిన్నర, రెండేళ్లు పనిచేసి బాగా పని నేర్చినవాళ్లు వెళ్తుంటే, అప్పుడు జీతం గురించి ఆలోచించాలి, ఎందుకంటే కొత్తగా చేరినవాడికీ రెండేళ్లు అనుభవం ఉన్నవాడికీ మధ్య తేడా మీ దగ్గర మూడు నాలుగు వందలే ఉండి ఉంటుంది, పక్క యూనిట్‌లో అతనికి ఆ నైపుణ్యానికి తగిన ధర పలుకుతుంది. ఇక మానేసిన పేర్లలో సగం ఒకే సూపర్‌వైజర్ కింద కనిపిస్తే మాత్రం మీరు ఎన్ని వేలు పెంచినా ఆ చిల్లు పూడదు.

మీ ఉత్తరాన్ని బట్టి మొదటి కారణమే ప్రధానమని నా అనుమానం. మీ గేటు బయట కట్టిన బోర్డులో 'హెల్పర్లు కావలెను, ఆకర్షణీయమైన జీతం' అని ఉంటుంది. లోపల ఉన్న పని ఏమిటి? అట్టకు ముడతలు వేసే కరుగేషన్ మిషన్ పక్కన వేడిలో నిలబడటం, బరువైన పేపర్ రీళ్లను దొర్లించి మిషన్‌కు ఎక్కించడం, పేస్టింగ్ దగ్గర రోజంతా తడి చేతులతో ఉండటం. ఇదంతా తెలియకుండా వచ్చినవాడు మూడో రోజు జ్వరమని ఫోన్ చేసి, నాలుగో రోజు నుంచి ఫోన్ ఎత్తడు. పనికి తీసుకునే ముందే ఒక అరగంట షెడ్‌లోకి తీసుకువెళ్లి, నడుస్తున్న మిషన్ పక్కన నిలబెట్టి, ఎండాకాలంలో ఇంకా వేడిగా ఉంటుందని కూడా చెప్పండి. పదిమందిలో ఇద్దరు ముగ్గురు అక్కడి నుంచే వెనక్కి వెళ్లిపోతారు. వెళ్లనివ్వండి. వాళ్లు ఎలాగూ రెండు వారాల తర్వాత వెళ్లేవాళ్లే, ఈలోగా మీ సూపర్‌వైజర్ సమయం, పాడయ్యే సరుకు ఆదా అయినట్టే.

చేరినరోజు కూడా ముఖ్యమే. టిఫిన్ బాక్సు ఎక్కడ పెట్టుకోవాలి, మంచినీళ్లు, బాత్రూము ఎక్కడ, అనుమానం వస్తే ఎవరిని అడగాలి అన్నవి చెప్పే మనిషి ఒకరు ఉండాలి. ఆ మనిషి సూపర్‌వైజర్ కాకుండా, అదే పని చేస్తున్న పాత కార్మికుడైతే మేలు. అతనికి అందుకోసం నెలకు కొంత అదనంగా ఇవ్వండి, ఆ ఖర్చు వృథా పోదు.

సూపర్‌వైజర్ల గురించి ఒక పాత ఉదాహరణ చెప్పుకోవాలి. అమెరికాలో హెన్రీ ఫోర్డ్ హైలండ్ పార్క్ కార్ల కర్మాగారంలో 1913లో కార్మికులు మారే రేటు 370 శాతానికి చేరింది. 1914 జనవరి 5న ఆయన రోజు కూలిని సుమారు 2.34 డాలర్ల నుంచి 5 డాలర్లకు పెంచి, పనివేళలను తొమ్మిది గంటల నుంచి ఎనిమిదికి తగ్గించినట్టు ప్రకటించడం, ఆ తర్వాత కార్మికులు మానేయడం బాగా తగ్గడం అందరూ చెప్పే కథ. ఎక్కువమంది చెప్పనిది, అంతకు ముందే 1913లో ఆ సంస్థ చేసిన మరో పని. నచ్చనివాణ్ణి అక్కడికక్కడే తీసేసే అధికారాన్ని ఫోర్‌మెన్ చేతుల్లోంచి తప్పించి, ఇష్టం వచ్చినట్టున్న పదుల కొద్దీ కూలి రేట్లను కొద్దిపాటి తరగతులుగా సర్దారు. కూలి పెంపు పని చేసింది, నిజమే. ఆ కూలి కోసం వచ్చినవాడిని ఫోర్‌మన్ ఒక్కమాటతో బయటికి పంపలేకపోవడం కూడా పని చేసింది.

ఇంకో రెండు విషయాలు క్లుప్తంగా చెబుతాను. జీతం ప్రతి నెలా ఒకే తేదీన పడాలి. మరుసటి నెల 7వ తేదీలోపు ఇవ్వడం చట్టం చెప్పే గడువు, అయితే 'ఏడులోపు ఎప్పుడో' కంటే 'ఒకటో తారీఖున' అనే మాటకు విలువ ఎక్కువ, ఎందుకంటే మీ కార్మికుడి ఇంటి అద్దె, చిట్టీ వాయిదా తేదీలు మారవు. ఓవర్‌టైముకు మామూలు రేటుకు రెట్టింపు చెల్లించాలి. దానికి బదులు 'తర్వాత చూద్దాం' అన్నవారి దగ్గర ఎవరూ నిలబడరు. అలాగే మనిషి కదలకుండా ఉండేందుకు పెద్ద అడ్వాన్సు ఇచ్చి, అది తీరేదాకా పోనివ్వకపోవడం కొన్ని యూనిట్లలో ఇంకా ఉంది. ఆ దారి పట్టకండి. అప్పు పేరిట మనిషిని పనికి కట్టేయడం 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కింద నేరం.

ప్రశ్న: రాజమహేంద్రవరంలో మాకు గృహోపకరణాల షోరూం ఉంది. సేల్స్‌మెన్‌ను తెలిసినవాళ్ల సిఫారసు మీద గానీ, పది నిమిషాలు మాట్లాడి చూసి గానీ తీసుకుంటాం. మాట్లాడేటప్పుడు బాగానే కనిపిస్తారు, తీరా చేరాక సగంమంది పనికిరారు. మనిషిని సరిగ్గా అంచనా వేసే పద్ధతి ఏదైనా ఉందా?
– వ్యాపారి, రాజమహేంద్రవరం

సమాధానం: సరిగ్గా అంచనా వేసే పద్ధతి ఎవరి దగ్గరా లేదు, ఇప్పుడున్న దానికంటే మెరుగైనది మాత్రం ఉంది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ సాకెట్, ఆయన సహ పరిశోధకులు ఎంపిక పద్ధతులన్నింటినీ పోల్చి 2022లో వెలువరించిన సమీక్షలో, అభ్యర్థులందరినీ ముందే రాసుకున్న ఒకే ప్రశ్నలు అడిగి, ఒకే కొలమానంతో మార్కులు వేసే ఇంటర్వ్యూ అన్నిటికంటే ముందు నిలిచింది. మనం ఎంతో నమ్మే 'ఎన్నేళ్ల అనుభవం' అనేది చాలా బలహీనమైన సూచికగా తేలింది. ఎనిమిదేళ్లు కౌంటర్ వెనక నిలబడినవాడు ఎనిమిదేళ్లు అమ్మాడని కాదు కదా.

దీన్ని మీ షోరూంలో అమలు చేయడం కష్టం కాదు. ఆరు ప్రశ్నలు రాసుకోండి, అవి పనిలో నిజంగా ఎదురయ్యే సందర్భాల నుంచే రావాలి. ఉదాహరణకు: 'నిన్న ఫ్రిజ్ కొన్న కస్టమర్ ఇవాళ అది పనిచేయడం లేదని నలుగురి ముందు గట్టిగా అరుస్తున్నాడు, సర్వీస్ సెంటర్ మూడు రోజులు పడుతుందంటోంది. మీరు ఏం చేస్తారు?' కస్టమర్‌ను కూర్చోబెట్టి విని, సర్వీస్ సెంటర్‌కు అతని ఎదుటే ఫోన్ చేసి, ఎప్పటికి మళ్లీ సమాచారం చెబుతారో సమయంతో సహా చెప్పినవాడికి ఐదు మార్కులు. 'ఓనర్‌గారిని పిలుస్తాను' అన్నవాడికి రెండు. 'అది కంపెనీవాళ్ల బాధ్యత అని చెబుతాను' అన్నవాడికి సున్నా. ఈ జవాబులు, మార్కులు ఇంటర్వ్యూకు ముందే కాగితం మీద ఉండాలి. ఇంటర్వ్యూ చేసే ఇద్దరూ విడివిడిగా మార్కులు వేసిన తర్వాతే ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి, లేకపోతే పెద్దవాడి అభిప్రాయమే రెండోవాడి అభిప్రాయం అవుతుంది.

ఆ తర్వాత అభ్యర్థిని ఫ్లోర్ మీదకు తీసుకువెళ్లి, ఒక వాషింగ్ మిషన్ చూపించి, బ్రోషర్ చదువుకోవడానికి పావుగంట ఇచ్చి, మీకే అమ్మమనండి. మీరు కావాలనే 'ఆన్‌లైన్‌లో రెండువేలు తక్కువకు వస్తోంది' అనండి. ఆ ఐదు నిమిషాల్లో కనిపించేది గంట మాట్లాడినా కనిపించదు. ముఖ్యంగా అతను మీ ఇంట్లో ఎంతమంది ఉన్నారని, నీళ్లు బోరువా మున్సిపాలిటీవా అని అడిగాడా, లేక నేరుగా ఫీచర్ల చిట్టా మొదలుపెట్టాడా అన్నది గమనించండి.

సిఫారసులను పూర్తిగా మానుకోమని చెప్పను. తెలిసినవారి ద్వారా వచ్చినవాడికి పని ఎలా ఉంటుందో ముందే కొంత తెలిసి ఉంటుంది కనుక, అలాంటివారు సగటున ఎక్కువకాలం నిలబడతారు. అయితే సిఫారసు ఇంటర్వ్యూ గది తలుపు దాకానే పనిచేయాలి, లోపల అందరికీ అవే ఆరు ప్రశ్నలు. ఇంకొక చిక్కు కూడా ఉంది. ఒకే ఊరి నుంచి ఆరుగురిని తెచ్చుకుంటే సంక్రాంతికి ఆరుగురూ ఒకేసారి సెలవు అడుగుతారు, వారిలో ఒకరితో మీకు మాటపట్టింపు వస్తే ఆరుగురూ ఒకేసారి మానేస్తారు.

ఒకమాట సూటిగానే అనాలి. ఇంటిపేరు అడిగి, సొంతూరు అడిగి, ఆ రెండింటి నుంచి మూడోదాన్ని ఊహించుకొని నిర్ణయం తీసుకునే అలవాటు మన దగ్గర చాలా ఇంటర్వ్యూల్లో ఉంది. అడిగేవారికీ, చెప్పేవారికీ ఆ ప్రశ్న ఎందుకో తెలుసు. మీ ఆరు ప్రశ్నల్లో అది ఉండకూడదు.

ప్రశ్న: నేను స్టాఫ్ నర్సును. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరేటప్పుడు నా ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకున్నారు. మూడేళ్లు పనిచేస్తానని, మధ్యలో మానేస్తే రెండు లక్షలు కడతానని బాండు రాయించుకున్నారు. 14 నెలలు పనిచేశాను. ఇప్పుడు విదేశంలో ఉద్యోగానికి ప్రయత్నిస్తున్నాను, సర్టిఫికెట్లు అడిగితే ముందు డబ్బు కట్టమంటున్నారు. బాండు చెల్లుతుందా?
– పాఠకురాలు, ఖమ్మం

సమాధానం: మీ ప్రశ్నలో మూడు విషయాలు కలిసిపోయాయి, వాటిని విడిగా చూడాలి.

మిమ్మల్ని బలవంతంగా ఆ ఆసుపత్రిలోనే పనిచేయమని ఏ కోర్టూ ఆదేశించదు. మానేశాక ఫలానా చోట పనిచేయరాదనే షరతు ఉంటే అది 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 27వ సెక్షన్ కింద చెల్లదు. ఇంతవరకు సందేహం లేదు.

డబ్బు సంగతి వేరు. బాండు అనగానే చెల్లదని చాలామంది చెబుతారు గానీ, అది సరైన సలహా కాదు. విజయా బ్యాంకు ఒక అధికారి నుంచి మూడేళ్ల కనీస సేవకు రెండు లక్షల బాండు తీసుకున్న వివాదంలో, ఉద్యోగంలో ఉండగా వర్తించే అలాంటి షరతు 27వ సెక్షన్‌కు విరుద్ధం కాదని, ఆ మొత్తం అన్యాయమైనదీ కాదని సుప్రీంకోర్టు 2025 మే నెలలో తీర్పు చెప్పింది. అయితే ఆ తీర్పులోని పరిస్థితులు గమనించండి. ప్రభుత్వరంగ బ్యాంకు ఒక పోస్టు నింపడానికి బహిరంగ ప్రకటన, పోటీ ఎంపిక జరపాలి, దానికి ఖర్చు, సమయం పడుతుంది. ఆ ఉద్యోగి సీనియర్ మేనేజర్ స్థాయివాడు. మీ ఆసుపత్రి మీకోసం ఏం ఖర్చు పెట్టింది? ప్రత్యేక శిక్షణ ఇప్పించిందా, కోర్సు ఫీజు కట్టిందా? ఒప్పందాల చట్టం 74వ సెక్షన్ ప్రకారం బాండులో రాసిన మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే, కోర్టు ఇప్పించేది అందులో సమంజసమైన పరిహారం. చేరిన మర్నాటి నుంచే వార్డు డ్యూటీ వేసి, ఏ శిక్షణా ఇవ్వని చోట, మీ జీతంతో పోలిస్తే పెద్దదైన రెండు లక్షలను పూర్తిగా రాబట్టుకోవడం వారికి తేలిక కాదు. నోటీసు పీరియడ్ జీతం వరకు బాధ్యత ఉంటుందేమో మీ నియామక పత్రంలో చూసుకోండి.

సర్టిఫికెట్ల విషయంలో మాత్రం వారి వైఖరికి సమర్థన లేదు. డబ్బు రావలసి ఉందనుకుంటే దావా వేసుకోవాలి తప్ప, మీ చదువు కాగితాలను తాకట్టు వస్తువులా పట్టుకోకూడదు. మొదట సర్టిఫికెట్ల జాబితాతో, అవి తీసుకున్న తేదీతో లేఖ రాసి, రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, ఈమెయిల్ కూడా చేయండి. పదిహేను రోజుల గడువు ఇవ్వండి. ఫలితం లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలకు ఉచిత న్యాయసహాయం పొందే హక్కు ఉంది. అక్కడి న్యాయవాది పంపే నోటీసుతోనే చాలా బీరువాలు తెరుచుకుంటాయి.

ఆసుపత్రి యాజమాన్యాలు ఎవరైనా ఇది చదువుతుంటే వారికి ఒక మాట. బీరువాలో సర్టిఫికెట్లు ఉన్నందువల్ల ఆగిన నర్సు, అవి చేతికి వచ్చిన రోజే వెళ్తుంది. డ్యూటీ చార్టు నెల ముందే గోడ మీద పెట్టడం, వరుసగా ఎన్ని నైట్ డ్యూటీలు వేస్తారో పరిమితి రాసి దానికి కట్టుబడటం, రాత్రి షిఫ్టుకు రావడానికి వాహనం, ఒక్కో నర్సుకు ఎంతమంది రోగులో ఒక లెక్క: వీటికయ్యే ఖర్చును, ప్రతి ఆరునెలలకూ కొత్తవారిని వెతికే ఖర్చుతో ఒకసారి పోల్చి చూసుకోండి.

ప్రశ్న: హైదరాబాద్‌లో 120 మంది ఉన్న సాఫ్ట్‌వేర్ సంస్థలో హెచ్‌ఆర్ బాధ్యతలు చూస్తున్నాను. ఆఫర్ ఒప్పుకున్న పదిమందిలో ముగ్గురు నలుగురు చేరేరోజుకు మాయమవుతున్నారు. అభ్యర్థుల్లో నీతి లేకుండా పోయిందా?
– హెచ్‌ఆర్ మేనేజర్, మాదాపూర్

సమాధానం: నీతి సంగతి పక్కన పెట్టి తేదీలు చూద్దాం. మీరు ఆఫర్ ఇచ్చిన రోజుకూ, అభ్యర్థి చేరే రోజుకూ మధ్య 90 రోజుల నోటీసు పీరియడ్ ఉంటుంది. ఆ మూడు నెలలు అతని చేతిలో మీ ఆఫర్ లెటర్ ఉంటుంది, దాన్ని చూపించి ఇంకొకచోట ఎక్కువ అడగడానికి అది చాలు. 2022లో ఈ వ్యవహారం శిఖరానికి చేరింది. ఆ ఏడాది జూన్ త్రైమాసికంలో ఇన్ఫోసిస్‌లో ఉద్యోగులు మానేసే రేటు 28.4 శాతం, సెప్టెంబర్ త్రైమాసికంలో టీసీఎస్‌ది 21.5 శాతంగా నమోదయ్యాయి. తర్వాత మార్కెట్ చల్లబడి ఆ రేట్లు తగ్గాయి గానీ, 90 రోజుల ఆనవాయితీ మాత్రం అలాగే ఉంది. వెళ్లేవారిని ఆలస్యం చేయడానికి సంస్థలు పెట్టుకున్న ఆ నిబంధనే, వచ్చేవారి విషయంలో వాటికి ఎదురు తిరిగింది. మీ సంస్థలో నోటీసు పీరియడ్ ఎంత? అది కూడా 90 రోజులే అయితే ముందు దాన్ని తగ్గించే ప్రతిపాదన పెట్టండి, అభ్యర్థులు ఆ అంశాన్ని కూడా చూస్తున్నారు.

రెండోది జీతం చెప్పే తీరు. పన్నెండు లక్షల సీటీసీ (ఒక ఉద్యోగిపై సంస్థకు ఏడాదికయ్యే మొత్తం ఖర్చు) అని మీరు చెబుతారు, నెలకు లక్ష అని అతను వింటాడు. లెక్క చూడండి. అందులో పది శాతం, అంటే 1,20,000 రూపాయలు, పనితీరును బట్టి వచ్చే వేరియబుల్. సంస్థ వాటా పీఎఫ్ నెలకు 1,800 చొప్పున 21,600. ఆరు లక్షల బేసిక్ మీద గ్రాట్యుటీ పేరుతో 4.81 శాతం, అంటే 28,860. ఇవి పోగా మిగిలే 10,29,540ని పన్నెండుతో భాగిస్తే 85,795. అందులోంచి ఉద్యోగి వాటా పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 200 తీసేస్తే 83,795. 2025-26 కొత్త పన్ను విధానంలో ఆ జీతానికి ఆదాయపు పన్ను పడదు కాబట్టి సరిపోయింది. అయినా లక్షకూ, ఎనభై నాలుగు వేలకూ తేడా పదహారు వేలు. ఆ సంగతి ఆఫర్ లెటర్ రెండో పేజీలోని పట్టికలో కాకుండా, మీ నోటి నుంచి ముందే తెలిస్తే, అతను ఇంకో ఆఫర్‌తో పోల్చుకునేటప్పుడు మీ మాటకు ఎక్కువ బరువిస్తాడు.

ఆ మూడు నెలలూ హెచ్‌ఆర్ నుంచి 'డాక్యుమెంట్లు అప్‌లోడ్ చేయండి' అన్న మెయిళ్లు తప్ప మరేమీ వెళ్లకపోవడం కూడా ఒక కారణం. చేరాక ఎవరి కింద పనిచేయాలో ఆ మేనేజర్ రెండు వారాలకొకసారి ఫోన్ చేసి, మొదలుపెట్టబోయే ప్రాజెక్టు గురించి మాట్లాడాలి. మాట్లాడటం తగ్గించిన అభ్యర్థి రావడం లేదని మీకు నెల ముందే అర్థమవుతుంది.

ప్రశ్న: తిరుపతిలో హోటల్ నడుపుతున్నాం, 24 మంది ఉన్నారు. పీఎఫ్, ఈఎస్‌ఐ కడతామంటే 'చేతికి వచ్చేది తగ్గుతుంది, మాకొద్దు' అని సిబ్బందే అంటున్నారు. వారి నుంచి కాగితం రాయించుకుంటే సరిపోతుందా?
– హోటల్ యజమాని, తిరుపతి

సమాధానం: సరిపోదు. ఇరవైమంది లేదా అంతకు మించి ఉన్న సంస్థకు పీఎఫ్, పదిమంది లేదా అంతకు మించి ఉంటే ఈఎస్‌ఐ తప్పనిసరి. నెలకు 15,000 లోపు వేతనం ఉన్న ఉద్యోగికి పీఎఫ్ వద్దనుకునే వీలు లేదు. తర్వాత తనిఖీలో బయటపడితే బకాయిల మీద 12 శాతం వడ్డీ, దానిపైన నష్టపరిహారం మీ మీద పడతాయి, ఉద్యోగి వాటాను వెనకటి తేదీలకు అతని జీతం నుంచి రాబట్టుకోలేరు. వారు రాసిచ్చిన కాగితం అప్పుడు అక్కరకు రాదు.

అయినా వారి అభ్యంతరాన్ని తేలిగ్గా తీసిపారేయకండి. 15,000 జీతంలో 1,800 పోతే ఇల్లు నడవడం కష్టమే. కాబట్టి జీతపు చీటీ ముందు పెట్టుకొని కూర్చోబెట్టి చెప్పాలి. అతని దగ్గర కోసిన 1,800కి మీరు మరో 1,800 కలుపుతారు. మీ వాటాలో 1,250 పింఛను నిధికి, 550 పీఎఫ్‌కు వెళతాయి. ఉద్యోగంలో ఉండగా అతను మరణిస్తే కుటుంబానికి ఏడు లక్షల వరకు బీమా ఉంది. ఈఎస్‌ఐకి అతని వాటా 0.75 శాతం, అంటే నెలకు 113 రూపాయలు, మీది 3.25 శాతం. జబ్బుచేసి ఇంట్లో ఉండిపోతే ఏడాదికి 91 రోజుల వరకు 70 శాతం వేతనం వస్తుంది. వంటగదిలో పనిచేసేవాడికి కాలిన గాయం ఎంత దగ్గరలో ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు. అతని ఫోన్‌లో యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి ఖాతా నంబరు) యాక్టివేట్ చేయించి, పాస్‌బుక్‌లో రెండు వాటాలూ పడినట్టు కళ్లారా చూపించండి. కట్‌ చేసిన డబ్బు యజమాని జేబులోకి పోతోందన్న అనుమానం చాలామందిలో ఉంది. కొన్నిచోట్ల అది నిజం కూడా అయింది.

ప్రశ్న: మా కార్యాలయంలో 18 మంది ఉన్నారు. ఒక పోస్టుకు అందరికంటే మెరుగ్గా చేసిన అభ్యర్థినికి ఈ మధ్యే పెళ్లయింది. ఏడాదిలో ప్రసూతి సెలవు అడుగుతుందేమోనని మా డైరెక్టర్ వెనకాడుతున్నారు. ఏం చెప్పాలి?
– అడ్మిన్ అధికారిణి, విశాఖపట్నం

సమాధానం: ఆమె వేతనం 21,000 లోపు ఉండి ఈఎస్‌ఐ పరిధిలోకి వస్తే, ప్రసూతి సెలవు కాలపు చెల్లింపు ఈఎస్‌ఐ కార్పొరేషన్ ఇస్తుందని మీ డైరెక్టర్‌కు ముందు చెప్పండి. చాలామంది యజమానులకు ఈ సంగతే తెలియదు. ఆ పరిమితి దాటితే, గడచిన 12 నెలల్లో 80 రోజులు పనిచేసిన మహిళకు 26 వారాల వేతనంతో కూడిన సెలవు సంస్థ ఇవ్వాలి, ఇద్దరు పిల్లలున్న తర్వాత అయితే 12 వారాలు. సెలవులో ఉండగా తీసేయడం చట్టవిరుద్ధం. ఇంటర్వ్యూలో పిల్లల గురించిన ప్రశ్న అడగనే కూడదు.

ఆ 26 వారాలకు మీరు చేయవలసింది, ఆమె పనిని ఎవరు చూస్తారో రెండు నెలల ముందే నిర్ణయించి, రాతపూర్వకంగా అప్పగింతలు జరిపించడం. తిరిగి వచ్చాక మొదటి కొద్ది నెలలు పనివేళలు కాస్త సర్దుబాటు చేస్తే ఆమె నిలబడుతుంది. అది చేయకుండా 'పిల్లలు పుట్టాక వీళ్లు మానేస్తారు' అని అనడం మాత్రం సరికాదు. పోటీలో మెరుగైన అభ్యర్థినిని వదిలి రెండోవారిని తీసుకుంటే, ఆయన ఎనిమిది నెలలకే ఎక్కువ జీతానికి వెళ్లిపోవచ్చు. ఆ ప్రమాదాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు ఎందుకో.

ప్రశ్న: ఆరేళ్లుగా ఉన్న మా అకౌంటెంట్ రాజీనామా ఇచ్చారు. జీతం పెంచి ఆపాలా?
– రైస్ మిల్లు యజమాని, నిజామాబాద్

సమాధానం: ఆయన మార్కెట్ జీతం కంటే తక్కువకు పనిచేస్తున్నారని రాజీనామా వచ్చాకే మీకు తెలిస్తే, పెంచి ఆపినా ఆ విషయం మిల్లులో మిగతావారికి మరునాటికే తెలుస్తుంది, జీతం పెరగాలంటే రాజీనామా ఇవ్వాలని వారు అర్థం చేసుకుంటారు. కారణం డబ్బు ఒక్కటే అయినప్పుడు, ఆ స్థాయి ఉద్యోగులందరి జీతాలను కలిపి సరిచేయగలిగినప్పుడు మాత్రమే ఆపే ప్రయత్నం చేయండి. లెక్కల విషయంలో మీకూ ఆయనకూ అభిప్రాయభేదం వచ్చి ఉంటే, లేదా మీ అబ్బాయి వ్యాపారంలోకి వచ్చాక ఆయన మాట చెల్లకుండా పోయి ఉంటే, పెంచిన జీతం కొద్దినెలలకు మించి ఆపదు.

వెళ్తానంటే మర్యాదగా పంపండి. ఐదేళ్లు దాటాయి కనుక గ్రాట్యుటీ ఇవ్వాలి. చివరి నెల వేతనాన్ని 26తో భాగించి, 15తో హెచ్చించి, సేవాకాలపు ఏళ్లతో మళ్లీ హెచ్చిస్తే ఆ మొత్తం వస్తుంది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం రాజీనామా చేసినవారికి రావలసిన వేతనాన్ని రెండు పనిదినాల్లో చెల్లించాలి. రిలీవింగ్ లెటర్ కోసం ఆయనను నాలుగుసార్లు తిప్పకండి. కొత్త అకౌంటెంట్‌కు జీఎస్టీ రిటర్నులో చిక్కు వచ్చినప్పుడు మీరు మొదట ఫోన్ చేసేది ఈయనకే.